ఆ బొమ్మ ముందట ఏడుపొచ్చింది, తప్పా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. బిడ్డ ఇటలీల చదువుతుంది, మొన్న ఎండాకాలం పోయి రోమ్ చూసొచ్చినం. వాటికన్‌ల సెయింట్ పీటర్స్ చర్చిల తల్లి ఒళ్లె కొడుకు శవం ఉన్న పాలరాయి బొమ్మ చూసి నాకు ఏడుపు ఆగలే. మేము గుట్ట నర్సింహస్వామిని కొలిచేటోళ్లం, అత్తమ్మకు చెప్తే మొహం ముడుచుకున్నది. తప్పు చేసిన్నా?

జవాబు: తప్పేందమ్మా, మీ దిక్కు జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు మనోళ్లు ఎంతమంది పోతరు, వాళ్లనెవరన్న అడిగిన్రా? మీరు చూసింది ఇటలీ శిల్పి మైకెలాంజిలో చెక్కిన పియేటా, అంటే చనిపోయిన ఏసును ఒళ్లె పెట్టుకున్న తల్లి మరియమ్మ బొమ్మ, 1499ల అయిపోయింది, అప్పటికి ఆయనకు ఇంక పాతికేళ్లు నిండలే (మన పోరగాళ్లు ఆ వయసుల గ్రూప్స్ కోచింగ్‌ల ఉంటరు). ఆ తల్లి కుడిచెయ్యి చూసిన్రా, కొడుకు చంక కింద బట్టతోని పట్టుకుంటే వేళ్ల సందుల కండ ఉబ్బినట్టుంటది, రాయంటే నమ్మబుద్ధి కాదు, ఎడమ చెయ్యేమో ఇగ ఏం చేస్తం అన్నట్టు ఉట్టిగ చాపి ఉంటది, నన్నడిగితే ఏడిపించేది ఆ చెయ్యే. 1972ల ఒకడు సుత్తితోని కొట్టి ఆ తల్లి ముక్కు, చెయ్యి విరగ్గొట్టిండు, అతికిచ్చి అద్దం పెట్టిన్రు, అందుకే మీరు దూరంకెళ్లి చూడాల్సొచ్చింది. ఫోన్‌ల ఫొటో ఉంటే ఆ చెయ్యి జూమ్ చేసి అత్తమ్మకు చూపియ్యిన్రి, ఆమె గూడ కొడుకును కన్న తల్లే గదా.