టెక్ సందేహాలు: కారులో శాటిలైట్ రేడియో గరగరకు శాటిలైట్ కారణం కాదు

ప్రశ్న: పాత కారులో వినడానికి పోర్టబుల్ శాటిలైట్ రేడియో రిసీవర్ కొన్నాను. దాంట్లో ఉన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌తో కారు స్టీరియోకి కలిపాను. హైవే మీద బాగానే వినిపిస్తుంది. సిటీలోకి రాగానే గరగర మొదలవుతుంది, మధ్యలో ఇంకేదో స్టేషన్ దూరుతుంది. సిగ్నల్ వీక్‌గా ఉందా? ఇంకో రిసీవర్ కొనమంటారా?

కొనకండి. అమెరికాలోని మన పాఠకుల నుంచి ఈ ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో. రెండో రిసీవర్ కూడా కొనేసి, దాంట్లోనూ అదే గరగర విన్నాక రాసేవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

శాటిలైట్ రేడియో సిగ్నల్ డిజిటల్. అందితే శుభ్రంగా వినిపిస్తుంది, అందకపోతే ఏమీ వినిపించదు. గరగర అనేది దానికి లేదు. కాబట్టి మీకు గరగర వినిపిస్తోందంటే శాటిలైట్ తన పని తాను చేసినట్టే. భూమధ్యరేఖ మీద దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి బయల్దేరిన సిగ్నల్ మీ రిసీవర్ దాకా క్షేమంగా వచ్చింది. చెడిపోయింది ఆ తర్వాత, డ్యాష్‌బోర్డు మీదున్న రిసీవర్‌కీ కారు యాంటెన్నాకీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలో. నమ్మకం కుదరకపోతే కారు ఆపి, రిసీవర్‌ని బిగించే డాక్‌కి ఉన్న ఆడియో అవుట్‌లో ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. అక్కడ శుభ్రంగా ఉంటే రిసీవర్‌లో ఏ లోపమూ లేదు.

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ అంటే మీ కారులో మీరే నడుపుకునే ఓ బుల్లి రేడియో స్టేషన్. లైసెన్సు లేకుండా ఎఫ్ఎం బ్యాండ్‌లో ప్రసారం చేసే పరికరానికి ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పెట్టిన పరిమితి 3 మీటర్ల దూరంలో మీటరుకు 250 మైక్రోవోల్టులు. మహా అయితే 200 అడుగుల వరకు అందుతుంది. అంత బలహీనమైన సిగ్నల్ సిటీలో వేల వాట్ల స్టేషన్ల మధ్య నెగ్గుకురావాలి. హైవే మీద ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ ఊరు దగ్గరపడేసరికి ఎవరిదో స్టేషన్ అయిపోతుంది.

2000ల మొదట్లో ఈ పరికరాలు కొన్ని పరిమితిని మించిన శక్తితో ప్రసారం చేసేవి. పక్క కారులో ఒకాయన పబ్లిక్ రేడియోలో వార్తలు వింటుంటే మధ్యలో మీ ప్రోగ్రాం వచ్చిపడేది. ఫిర్యాదులు పెరిగి 2006లో ఎఫ్‌సీసీ ఆరా తీస్తే, కొన్ని మోడళ్ల సరఫరా ఆపాల్సివచ్చింది. నియమం న్యాయమైనదే. గాలి మీ ఒక్కరిదీ కాదు. నా కోపమల్లా, ఇంత పరిమితి ఉన్న పద్ధతిని డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘ఏ కారుకైనా సరిపోతుంది’ అని అమ్మేవాళ్ల మీద. సరిపోవడం వేరు, పనిచేయడం వేరు.

ప్రస్తుతానికి ట్రాన్స్‌మిటర్ తప్ప వేరే దారి లేదనుకుంటే ఫ్రీక్వెన్సీ అయినా జాగ్రత్తగా ఎంచుకోండి. చాలామంది 88.1 దగ్గర పెట్టి వదిలేస్తారు. 88.1 నుంచి 91.9 వరకు అమెరికాలో వాణిజ్యేతర స్టేషన్లకు కేటాయించిన భాగం. కాలేజీ స్టేషన్లు, పబ్లిక్ రేడియో అక్కడే కిక్కిరిసి ఉంటాయి. మీకు కావాల్సింది ఒక్క ఖాళీ ఫ్రీక్వెన్సీ కాదు, దానికి అటూ ఇటూ ఉన్నవి కూడా ఖాళీగా ఉండాలి. 106.3 వాడదలిస్తే 106.1లోనూ 106.5లోనూ ఎవరూ మాట్లాడకూడదు. పెద్ద సిటీల్లో అలాంటి చోటు దొరక్కపోవచ్చు.

అసలు పరిష్కారం వైరే. కారుకి ఆక్స్ (బయటి పరికరం ఆడియో కేబుల్ గుచ్చే రంధ్రం) ఉంటే 3.5 మిల్లీమీటర్ల కేబుల్ ఒకటి కొని రిసీవర్‌ని నేరుగా కలిపేయండి, అక్కడితో ఈ గొడవ తీరిపోతుంది. ఆక్స్ లేదూ, క్యాసెట్ ప్లేయర్ ఉందంటే క్యాసెట్ అడాప్టర్ కూడా ట్రాన్స్‌మిటర్ కన్నా నయమే. రెండూ లేకపోతే స్టీరియో వెనకాల, యాంటెన్నా వైరు మధ్యలో బిగించే వైర్డ్ ఎఫ్ఎం అడాప్టర్ ఉంటుంది. రిసీవర్ ఆన్ అయినప్పుడు అది బయటి యాంటెన్నాని పక్కకు తప్పించి, మీ సిగ్నల్‌ని వైరులోంచే పంపుతుంది. గాలితో పని లేదు. స్టీరియో బయటికి తీయాలి కాబట్టి చేయి తిరిగినవాళ్లతో బిగించుకోవడం మంచిది.

వైరు పెట్టాక కొందరికి కొత్త శబ్దం పట్టుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ సన్నగా కీచుమంటూ పెరిగే మోత. అది ఆల్టర్నేటర్‌ది. రిసీవర్ చార్జింగ్‌కి ఒక గ్రౌండు, ఆడియోకి ఇంకో గ్రౌండు దొరికి వాటి మధ్య కరెంటు తిరుగుతోందన్నమాట. ఆడియో కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న ముక్క పెడితే చాలావరకు పోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. కొత్త కార్లలో ఆక్స్ రంధ్రం తీసేస్తున్నారు. ఏ పాస్‌వర్డూ అడగకుండా, ఏ అప్‌డేటూ లేకుండా, ఏ కంపెనీ పరికరాన్నైనా కారుకి కలిపే మార్గం అదొక్కటే. దాని స్థానంలో బ్లూటూత్ ఉందిగా అంటారు. ఆ బ్లూటూత్ మీ కాంటాక్టులు అడుగుతుంది, మెసేజీలు అడుగుతుంది, ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఎవరి ఫోన్‌కి కలవాలో తేల్చుకోలేక వెనక సీట్లో ఉన్నవాళ్ల ఫోన్ పట్టుకుంటుంది. ఒక అప్‌డేట్ వచ్చాక నిన్నటిదాకా కలిసిన ఫోన్ ఇవాళ కలవదు. వాల్యూమ్‌కి గుండ్రటి నాబ్ కూడా తీసేసి, దాన్నీ టచ్ స్క్రీన్‌లో పెట్టిన కార్లున్నాయి. నాబ్ అయితే రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చేతికి దొరుకుతుంది. స్క్రీన్‌లో గీత కోసం తల వంచి వెతకాలి. డ్రైవింగ్‌లో ఉన్న మనిషిని తల వంచమనే డిజైన్‌ని నేను ఏ రూపంలోనూ సమర్థించను.

ప్రశ్న: చెట్లున్న రోడ్ల మీద, ఓవర్‌పాస్‌ల కింద ఆడియో కట్ అవుతోంది. యాంటెన్నా డ్యాష్‌బోర్డు మీద పెట్టాను.

దాన్ని పైకప్పు మీదకి మార్చండి. అద్దం లోపల పెడితే యాంటెన్నాకి ఆకాశం సగమే కనబడుతుంది. శాటిలైట్లు భూమధ్యరేఖ మీద ఉంటాయి కాబట్టి అమెరికాలో ఎక్కడున్నా అవి దక్షిణం వైపే. మీరు ఉత్తరానికి డ్రైవ్ చేస్తున్నప్పుడు కారు పైకప్పే దానికి అడ్డు. అద్దంలో లోహపు పొర ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. అగ్గిపెట్టె అంత ఉండే ఆ యాంటెన్నా అడుగున అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ అన్ని వైపులా కొన్ని అంగుళాల లోహం ఉండాలి, అంచున పెట్టకూడదు. వైరుని వెనక అద్దం రబ్బరు కిందుగా లాగి, పక్కల ఉన్న ప్లాస్టిక్ ట్రిమ్ లోపలికి వేలితో నొక్కుకుంటూ ముందుకు తెచ్చుకోండి. తలుపు సందులో వేలాడదీస్తే తలుపు వేసినప్పుడల్లా నలిగి కొన్నాళ్లకి లోపల తెగుతుంది. బయటికి బాగానే కనబడుతుంది, సిగ్నల్ మాత్రం ఉండదు. అల్యూమినియం బాడీకీ, గ్లాస్ రూఫ్‌కీ అయస్కాంతం అంటుకోదని కొనేముందే గుర్తుంచుకోండి. ఓవర్‌పాస్ కింద క్షణం సేపు ఆగడం మామూలే. పార్కింగ్ గరాజ్‌లో, సొరంగంలో రాకపోవడమూ మామూలే.

ప్రశ్న: రేడియో ఉన్నట్టుండి ఆగిపోయింది. నెట్‌లో వెతికి కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేశాను. రిఫ్రెష్ సిగ్నల్ పంపాలంటే ఫోన్‌లో ఒక యాప్ వేసుకోమన్నారు, బకాయి ఉందని గిఫ్ట్ కార్డుతో కట్టమన్నారు. అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశాను. నా బ్యాంకు కార్డు నంబరు మాత్రం అప్పటికే చెప్పాను.

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఇదే. ముందు బ్యాంకుకి ఫోన్ చేసి ఆ కార్డు రద్దు చేయించండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

ఈ మోసాన్ని పట్టుకోవడానికి రేడియో ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు. మీ రిసీవర్ వినగలదు, తిరిగి మాట్లాడలేదు. సబ్‌స్క్రిప్షన్ యాక్టివేట్ చేయడమంటే, మీ రేడియో ఐడీ పేరున ఒక అనుమతి సంకేతం శాటిలైట్ నుంచి కిందికి పంపడం. పెట్టె ఆన్‌లో ఉండి యాంటెన్నాకి ఆకాశం కనబడుతుంటే అది కాసేపట్లో అందుకుంటుంది. అంతకుమించి ఏమీ లేదు. ఆ సంకేతం రేడియోకి చేరడంలో మీ ఫోన్‌కి గానీ కంప్యూటర్‌కి గానీ పాత్రే లేదు. కాబట్టి రేడియో బాగుచేయడానికి మీ ఫోన్ స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నవాడు మోసగాడే. అందులో రెండో ఆలోచన అక్కర్లేదు. గిఫ్ట్ కార్డు నంబర్లు చదివి చెప్పమన్నవాడూ అంతే. ఆ పద్ధతిలో బకాయి వసూలు చేసే సంస్థ ఏదీ ఉండదని వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఎప్పట్నుంచో హెచ్చరిస్తోంది.

ఒకవేళ ఆ యాప్ వేసుకుని ఉంటే దెబ్బ కార్డుతో ఆగదు. స్క్రీన్ మీద ఏం చేసినా అవతలివాడికి కనబడుతుంది. బ్యాంకు పంపే ఓటీపీ వాడి కళ్లముందే వచ్చి పడుతుంది. అలా జరిగినవాళ్లు ఫోన్‌లో నెట్ ఆపేసి, యాప్ తీసేసి, వేరే పరికరం నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చాలి. ముందు ఈమెయిల్, ఎందుకంటే మిగతా పాస్‌వర్డులన్నీ దాని ద్వారానే రీసెట్ అవుతాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా చెప్పేసి ఉంటే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ (అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు) క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, అప్పుడు మీ పేరున వేరేవాళ్లు కొత్త అప్పు తీసుకోవడం కష్టం. 2018 సెప్టెంబరు నుంచి అమెరికా అంతటా అది ఉచితం. ఆపైన ఎఫ్‌టీసీ వెబ్‌సైట్లో ఫిర్యాదు చేయండి.

సెర్చ్ ఫలితాల్లో పైన కనబడిన నంబరుకి ఫోన్ చేసే అలవాటు మానుకోండి. పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. నంబరు మీ పాత బిల్లులోంచో, రిసీవర్ డబ్బా మీంచో తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లకోసం ఆ నంబరు ఒక కాగితం మీద రాసి గ్లోవ్ బాక్స్‌లో పెట్టండి. వాళ్లు మర్యాద కొద్దీ ఫోన్ పెట్టేయలేరు, మోసగాళ్లకు కావాల్సిందీ అదే.

సంస్థల బాధ్యత కూడా ఇందులో ఉంది. చేరడానికి ఒక్క నొక్కు, మానేయడానికి అరగంట ఫోన్ అన్నట్టు పెడితే జనం విసిగిపోయి ఏ నంబరు దొరికితే ఆ నంబరు పట్టుకుంటారు. ఆన్‌లైన్‌లో సబ్‌స్క్రిప్షన్ అమ్మేవాళ్లు ఆపుకోవడానికి సులువైన మార్గం ఇవ్వాలని అమెరికాలో 2010 నాటి చట్టమే చెబుతోంది. రాతపూర్వకంగా ఆపేసిన రుజువు ఉంచుకోండి.

ప్రశ్న: కారు మార్చబోతున్నాను. రేడియో లోపలే ఉన్న కారు తీసుకోనా, లేక ఈ పోర్టబుల్ రిసీవర్‌నే కొనసాగించనా?

సౌకర్యం అడిగితే లోపలున్నదే. నా ఓటు మాత్రం పోర్టబుల్‌కే. కొత్త కార్లలో రేడియో ఒంటరిగా రాదు, ఇంటర్నెట్‌కి కలిసి ఉండే సర్వీసులతో కలిసి వస్తుంది. 2022 చివర్లో భద్రతా పరిశోధకులు ఒక లోపం బయటపెట్టారు. పలు కంపెనీల కార్లకు పనిచేసే అలాంటి సర్వీసులో విన్ నంబరు ఒక్కటి తెలిస్తే చాలు, వేరేవాళ్ల కారు ఎక్కడుందో కనుక్కోవచ్చు, తలుపులు తీయొచ్చు, ఇంజిన్ స్టార్ట్ చేయొచ్చు, హారన్ మోగించొచ్చు. విన్ అంటే ప్రతి కారుకీ ఉండే గుర్తింపు సంఖ్య, 17 అక్షరాలు, అంకెలు. ముందు అద్దం కింది మూలలో, పక్కన నడిచి వెళ్లే ఎవరికైనా కనబడేలా ఉంటుంది. అందరికీ కనబడే నంబరుని తాళంచెవిలా వాడుకోనిచ్చిన డిజైన్ అది. ఆ లోపం వెంటనే సరిచేశారు. అయినా, పాటలు వినే సదుపాయానికీ తలుపు తాళానికీ ఒకేచోట దారి ఎందుకుండాలి? మీ పోర్టబుల్ రిసీవర్‌కి తలుపు తీయడం తెలియదు, మీరెక్కడున్నారో ఎవరికీ చెప్పలేదు. అది నాకు చాలా పెద్ద గుణం.

కారు దిగేటప్పుడు దాన్ని డాక్‌లోంచి తీసి కంటికి కనబడని చోట పెట్టండి. కీ తీసినా సాకెట్‌లో కరెంటు ఉండే కారైతే ప్లగ్ కూడా తీయండి, లేకపోతే బ్యాటరీ దిగుతుంది.

ప్రశ్న: ఈ రిసీవర్ ఇండియాకి తీసుకెళ్తే పనిచేస్తుందా?

పనిచేయదు. ఈ శాటిలైట్లు ఉత్తర అమెరికా మీదకే సిగ్నల్ పంపుతాయి. వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో సర్వీసులో తెలుగు స్పందన చానెల్ విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అది వేరే శాటిలైట్, వేరే బ్యాండ్. ఇండియాలో ఆ సర్వీసు 2009 డిసెంబరుతోనే ఆగిపోయింది. వెళ్లేముందు రిసీవర్‌ని ఎవరికైనా ఇచ్చేయండి. ఇచ్చే ముందు సబ్‌స్క్రిప్షన్ ఆపించి, రేడియో ఐడీని మీ ఖాతాలోంచి తీయించండి. ఐడీ చాలా రిసీవర్లలో చానెల్ 0 పెడితే స్క్రీన్ మీద కనబడుతుంది.