40 మి.మీ. వానకు 33 చూపుతున్న రెయిన్‌గేజ్

ప్రశ్న: మా పొలంలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం పెట్టి రెండేళ్లయింది. మొన్నటి వానకు పక్క చేలోని మామూలు రెయిన్‌గేజ్‌లో 40 మి.మీ. ఉంటే మాది 33 చూపింది. దీన్ని మేమే సరిచేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: చేసుకోవచ్చు. అయితే స్క్రూల జోలికి ఆఖర్న వెళ్లండి. ముందు గరాటు తీసి చూడండి. వాన వెలిసిన గంటకు కూడా లెక్క పెరుగుతుంటే ఆకో, పిట్ట రెట్టో, సాలెగూడో అడ్డుపడినట్టే. లోపల అటూ ఇటూ ఒరిగే జంట దొన్నెల్ని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగండి. వేలితో రుద్దితే జిడ్డంటి నీటిచుక్క జారదు. ఇరుసుకు నూనె వద్దు, దుమ్ము పట్టేస్తుంది. తర్వాత రసమట్టం పెట్టి, గేజ్ ఒక పక్కకు ఒరగకుండా సరిచేయండి.

ఇక లెక్క. గరాటు మూతి వ్యాసం 20 సెం.మీ. అయితే వైశాల్యం 314 చ.సెం.మీ. దొన్నె ఒకసారి ఒరిగితే 0.2 మి.మీ. వాన కింద లెక్క అనుకుంటే, దానికి పట్టాల్సిన నీరు 6.28 మి.లీ. మీ పరికరం కొలతలు వేరైతే ఈ అంకెలు మార్చుకోండి. కాసిని నీళ్లు పోసి దొన్నెలు తడిపాక, 628 గ్రాముల నీళ్లు తూచి సెలైన్ సెట్‌తో గంటసేపు గరాటులోకి వదలండి. సుమారు 36 సెకన్లకోసారి ఒరగాలి, మొత్తం 100 రావాలి. 97-103 మధ్య వస్తే కదపకండి. తక్కువొస్తే దొన్నెల కింది రెండు స్క్రూలనూ సమానంగా, పావు చుట్టు చొప్పున పైకి తిప్పి మళ్లీ పరీక్షించండి. ఎక్కువొస్తే కిందికి. ఆ రోజు రికార్డులోంచి ఈ దొంగవానను తీసేయడం మరవకండి!

చాలామంది చెంబుతో గబగబా పోసి, తక్కువొచ్చిందని స్క్రూలు తిప్పేస్తారు. దొన్నె ఒరిగే ఆ క్షణంలో పడే నీరు అప్పటికే నిండిన దొన్నెలోకే పోతుంది కాబట్టి, జోరువానలో ఈ రకం గేజ్ కొంత తక్కువే చూపుతుంది. దానికి స్క్రూ తిప్పితే తుంపరకు ఎక్కువ చూపుతుంది. మీది కుండపోతప్పుడే తేడా వస్తోందా, ప్రతి వానకూనా? ముందు అది గమనించండి.

ప్రశ్న: గాలిలో తేమ కొలిచే సెన్సర్ సంగతేంటి?

జవాబు: ఉప్పును తడి ఇసుకలా అయ్యేంత నీటితో కలిపి గట్టి మూత డబ్బాలో ఉంచండి. సెన్సర్‌ను ఉప్పుకు తగలకుండా పైన వేలాడదీసి, ఎండ సోకని గదిలో 12 గంటలు వదిలేయండి. 25 డిగ్రీల దగ్గర 75 శాతం చూపాలి.