పాలకూర చిగురు పాలిపోవడం: తేడా బోరు నీళ్ల పీహెచ్‌లో ఉంది

మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో పెంచుతున్న పాలకూరకు 20 లీటర్ల టబ్బు, బోరు నీళ్లు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.8, లేతాకులు పసుపెక్కినా ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయని రాశారు కదండీ. అది ఇనుము లోపం. నత్రజని తక్కువైతే ముందు అడుగాకులు పాలిపోతాయి. ఇనుము ముదురాకు నుంచి లేతాకుకు కదలదు, అందుకే దెబ్బ చిగురు మీద పడింది.

దయచేసి పోషకాల మందు ఇంకా పోయకండి. పీహెచ్ 6.5 దాటితే మందులోని ఈడీటీఏ ఇనుము (నీళ్లలో కరిగి ఉండేలా ఈడీటీఏ అనే పదార్థం పట్టి ఉంచే ఇనుము) ఆ పట్టు విడిపోయి వేరుకు అందకుండా పోతుంది. ముందు పీహెచ్ 5.8–6.2కి దించండి. పది వంతుల నీళ్లలో ఒక వంతు ఫాస్ఫారిక్ యాసిడ్ కలిపి (నీళ్లలోకే యాసిడ్ పోయాలి, చేతికి గ్లోవ్స్ తప్పనిసరి), ఆ ద్రావణాన్ని టబ్బులో ఒక్కో మిల్లీలీటరు వేస్తూ, కలియబెట్టి, పది నిమిషాలాగి కొలవండి. నిమ్మరసం వద్దు, సూక్ష్మజీవులు దాన్ని తినేశాక పీహెచ్ మళ్లీ ఎక్కుతుంది. యాసిడ్ పోసినా రెండ్రోజుల్లో పైకొస్తోందంటే బోరు నీళ్లలో బైకార్బొనేట్లు (యాసిడ్‌ను విరిచేసే లవణాలు) ఎక్కువన్నమాట. సగం ఆర్వో నీళ్లు కలపడమే మేలు.

అయినా చిగురు తేరుకోకపోతే 6 శాతం ఈడీడీహెచ్‌ఏ ఇనుము (పీహెచ్ ఎక్కువున్నా విడిపోని రకం) 0.7 గ్రాములు వేయండి, 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము అవుతుంది. నీళ్లు ఎర్రబడతాయి, కంగారుపడకండి. పాత ఆకుల్ని కాదు, ఆ తర్వాత విప్పుకునే కొత్త ఆకుల్ని చూడండి.