అన్నన్ ప్లాన్‌ను గ్రీకు సైప్రియట్లు ఎందుకు కాదన్నారు?

ప్రశ్న ఇది: గ్రీకు వాళ్ళు దక్షిణాన, టర్కిష్ వాళ్ళు ఉత్తరాన అని చీలిపోయిన సైప్రస్ ద్వీపం, 2004లో కోఫీ అన్నన్ హయాంలో ఐక్యరాజ్యసమితి తెచ్చిన ప్లాన్‌తో మళ్ళీ ఒకటయ్యేది కదా, టర్కిష్ సైప్రియట్లు సరేనన్నా గ్రీకు సైప్రియట్లు ఎందుకు వద్దన్నారు? అది మొండితనమేనా? ఇప్పుడు పెడితే ఒప్పుకుంటారా?

మొండితనం లేదని అనను. కానీ 2004 ఏప్రిల్ 24న ప్లాన్ మీద జనం ఓటేసినప్పుడు గ్రీకు వైపు దాదాపు 76 శాతం మంది వద్దన్నారు, టర్కిష్ వైపు 65 శాతం మంది సరేనన్నారు. ముప్పావు వంతు జనం ఒక మాట మీద ఉన్నారంటే దాని వెనక వాళ్ళ లెక్కలేవో ఉంటాయి. ఆ లెక్కలు నేను ఒక కిచెన్‌లో విన్నాను.

నికోసియాలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ, పాత బస్తీలో, రెండు వైపుల్ని విడదీసే గ్రీన్ లైన్‌కి దగ్గర్లో ఒక టవెర్నాలో (గ్రీకు భోజనశాలలో) పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. 2017 వేసవిలో స్విట్జర్లాండ్‌లోని క్రాన్-మోంటానాలో గ్రీకు సైప్రియట్ల నాయకుడు అనస్తాసియాదిస్, టర్కిష్ సైప్రియట్ల నాయకుడు అకింజీల మధ్య చర్చలు నడుస్తున్నాయి. రేడియోలో వార్తలు మొదలవగానే నన్ను గిన్నెలు కడగడం ఆపమనేవాళ్ళు, నీళ్ళ చప్పుడుకి వినపడదని. ఆ తర్వాత వాదన మొదలయ్యేది, అదీ ఎక్కువగా 2004 గురించే. గ్రీకులో సాగేది, నాకోసం మధ్యమధ్య ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు.

పెద్ద వంటాయనది కిరీనియా. సలాడ్లు చేసే ఆవిడది మోర్ఫూ. 1974లో టర్కీ సైన్యం దిగాక రెండు కుటుంబాలూ ఉత్తరాన ఉన్న ఇళ్ళు వదిలి దక్షిణానికి వచ్చాయి. ప్లాన్ ప్రకారం ఒకే దేశంలో గ్రీకు, టర్కిష్ రాష్ట్రాలు రెండు ఉంటాయి, కానీ వీళ్ళిద్దరికీ దక్కేది ఒకటి కాదు. ఉత్తరం చేతిలో ఉన్న 36 శాతం పైచిలుకు భూమి 29 శాతానికి తగ్గుతుంది, మోర్ఫూ గ్రీకు రాష్ట్రంలోకి వస్తుంది, కిరీనియా రాదు. కిరీనియా లాంటి చోట్ల ఆస్తి ఉన్నవాళ్ళలో చాలామందికి సుమారు మూడో వంతు తిరిగి వస్తుంది, మిగతాదానికి బాండ్లు. అందుకని వంటాయన వద్దన్నాడంటే నాకు వింతేమీ అనిపించలేదు. ఊరు తిరిగొచ్చే ఆవిడ ఎందుకు వద్దంది? అదే అడిగాను.

టమాటాలు కోస్తూనే చెప్పింది. మా దేశాన్ని రద్దు చేసి కొత్తది పెట్టడం మొదటి రోజే జరిగిపోతుంది, నా ఊరు మాత్రం విడతలుగా మూడున్నరేళ్ళకి వస్తుంది, ఈలోగా వాళ్ళు మాట తప్పితే నేను ఎవరి గుమ్మం ఎక్కాలి అంది. నాకు దొరికిన అసలు జవాబు ఇదే. సెనేట్‌లో గ్రీకు, టర్కిష్ వైపులకి 24–24 సీట్లు, దేశాన్ని నడిపే ప్రెసిడెన్షియల్ కౌన్సిల్‌లో నాలుగు–రెండు, వీటి గురించి ఆ కిచెన్‌లో ఎవరూ గొంతు పెంచగా నేను చూడలేదు. గొడవంతా ముందు ఎవరు ఇవ్వాలన్న దాని మీదే. ప్లాన్ ప్రకారం 2011 దాకా 6,000 మంది టర్కీ సైనికులు ఉండొచ్చు, 2018 దాకా 3,000, ఆ తర్వాత కూడా 650 మంది. పైగా టర్కీ, గ్రీస్, బ్రిటన్‌లు సైప్రస్‌కి హామీదారులుగా ఉండే 1960 నాటి గ్యారంటీ ఒప్పందం అలాగే ఉంటుంది. టర్కీ 1974లో దాన్ని చూపించే దిగింది.

పై అంతస్తు రిపేర్లకి అవతలి నుంచి రోజూ ఒక టర్కిష్ సైప్రియట్ మేస్త్రీ వచ్చేవాడు. పుట్టింది దక్షిణాన పాఫోస్‌లో కాబట్టి గ్రీకు బాగా వచ్చు. ఆయన కథ 1974 నుంచి మొదలవదు, 1963 నుంచి మొదలవుతుంది. ఆ డిసెంబర్‌లో గొడవలయ్యాక టర్కిష్ సైప్రియట్లు చాలామంది కాపలా ఉన్న పేటల్లో, గూడేల్లో ఏళ్ళ తరబడి మగ్గారు. టర్కీ సైన్యమే లేకపోతే మేము మిగిలేవాళ్ళం కాదని ఆయన నమ్మకం. 1975లో ఉత్తరానికి వెళ్ళాక వాళ్ళ కుటుంబానికి ఇల్లిచ్చింది మోర్ఫూ పక్కనే. ప్లాన్ నెగ్గితే ఇంకోసారి సామాను సర్దుకోవాలని తెలిసీ సరేనని ఓటేశాడు. ప్రపంచంలో టర్కీ తప్ప ఎవరూ గుర్తించని చోట పిల్లల్ని పెంచడం కంటే అదే నయం అన్నాడు. సలాడ్ ఆవిడా ఆయనా కలిస్తే రాజకీయం కంటే అక్కడి నారింజ తోటలకి నీళ్ళు ఉప్పబడ్డాయా అన్నదే ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు. (విభజన మనకీ తెలుసని కొందరు అంటారు. 2014లో హైదరాబాద్‌లో ఇల్లున్న గుంటూరు మనిషి ఆ ఇల్లు వదిలి రాలేదు. అందుకే ఆ పోలిక నాకు నచ్చదు.)

ఇంకో కారణం యూరోపియన్ యూనియన్. చేరిక ఒప్పందం మీద 2003 ఏప్రిల్‌లోనే సంతకాలయ్యాయి. ఓటు ఎటు పడ్డా 2004 మే 1న సైప్రస్‌కి సభ్యత్వం ఖాయం. వద్దన్నందుకు గ్రీకు వైపు పోగొట్టుకునేదేమీ లేదు. పైగా చట్టాలతో కలిపి వేల పేజీల ప్లాన్, దాని ఆఖరి రూపం మార్చి 31న వచ్చింది. చదివే టైమ్ ఎవరికుంది? ఏప్రిల్ 7న సైప్రస్ అధ్యక్షుడు, గ్రీకు సైప్రియట్ అయిన పాపడోపులోస్ టీవీలో గద్గద స్వరంతో వద్దని చెప్పాడు, చాలామందికి అదే సరిపోయింది. ఉత్తరాన టర్కిష్ సైప్రియట్ల నాయకుడు డెంక్‌తాష్ కూడా వద్దనే అన్నాడు, కానీ అక్కడి జనం ఆయన మాట వినలేదు.

ఇప్పుడు పెడితే? అదే వరసలో పెడితే మళ్ళీ ఓడిపోతుందనే నా అంచనా. క్రాన్-మోంటానాలో కూడా చర్చలు ప్రధానంగా సైన్యం, గ్యారంటీల దగ్గరే చెడిపోయాయి. ఈసారి ఉత్తరం వైపు కూడా 65 శాతం వస్తుందని ఎవరూ అనుకోవద్దు. సరేనన్నవాళ్ళకి నేరుగా వ్యాపారం చేసుకునే వీలు కల్పిస్తామని యూరప్ చెప్పింది, అది ఈనాటికీ కాగితం మీదే ఉంది. మేస్త్రీని అడిగితే మళ్ళీ ఓటేస్తానన్నాడు. తన కొడుకు మాత్రం లండన్‌లో ఉన్నాడట, ఓటుకి రాడట.