ఎలుకకు ఫిట్స్ తెప్పిస్తే మనిషి మూర్ఛ గురించి ఏం తెలుస్తుంది?

మీరు తిరుపతిలో జువాలజీ పీహెచ్‌డీలో చేరారు, గైడ్ గారు మూర్ఛ మీద ఎలుకల్లో పని చేయమన్నారు. ఇంట్లో తమ్ముడు ఏళ్లుగా లెవెటిరాసెటామ్ మాత్ర వేసుకుంటున్నాడు. ఎలుకకు ఇంజెక్షన్ ఇచ్చి తెప్పించే ఫిట్స్‌తో వాడికి ఒరిగేదేముందని అడిగారు. నేనూ ఈ ఊళ్లోనే ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఒరిగేది చాలానే ఉంది. కాకపోతే ఏ రకం ఎలుకలో చూస్తున్నామన్నదే అసలు సంగతి. దానికి మీ తమ్ముడి మాత్రే సాక్ష్యం. కొత్త మందుల్ని వడకట్టడానికి చాలాకాలం, జంతువుకు ఫిట్స్ తెప్పించి మందు ఆపుతుందో లేదో చూసే రెండు పరీక్షల మీదే ఎక్కువగా ఆధారపడేవారు. ఒకటి కరెంటు షాక్. 1938 నాటికి మెరిట్, పుట్నమ్ అనే అమెరికా పరిశోధకులు పిల్లుల్లో ఫెనిటాయిన్ అనే మందుకు ఫిట్స్ ఆపే గుణం ఉందని బయటపెట్టింది ఈ పద్ధతితోనే. రెండోది పెంటిలీన్‌టెట్రజోల్ ఇంజెక్షన్, ల్యాబుల్లో పీటీజెడ్ అంటాం. లెవెటిరాసెటామ్ ఈ రెండింట్లోనూ ఫెయిలైంది! అక్కడితో వదిలేసి ఉంటే ఆ మాత్ర మందుల షాపు దాకా వచ్చేదే కాదు. చిన్న చిన్న ప్రేరణలు రోజుల తరబడి ఇస్తూ పోతే మెదడు క్రమంగా ఫిట్స్‌కు అలవాటు పడుతుంది, దాన్ని కిండ్లింగ్ అంటారు. అలాంటి ఎలుకల్లో మాత్రం ఈ మందు బాగా పనిచేసింది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. మెదడులో అది పట్టుకునే ప్రొటీన్ ఎస్‌వీ2ఏ అని తేలింది 2004లో.

అందుకే సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసే ముందే గైడ్ గారితో ఈ విషయం తేల్చుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు ఒక్కసారి పీటీజెడ్ ఇస్తే వచ్చేది ఫిట్ మాత్రమే, మూర్ఛ జబ్బు కాదు. జబ్బంటే ఫిట్స్ వాటంతటవే మళ్లీ మళ్లీ రావడం. అది కావాలంటే పైలోకార్పిన్, కైనిక్ ఆమ్లం లాంటి రసాయనాలు వాడతారు. మొదట ఆగకుండా ఫిట్స్ వస్తాయి, తర్వాత కొన్నాళ్లు ఏమీ ఉండదు, ఆపైన వాటంతటవే మొదలవుతాయి. మనుషుల్లో టెంపొరల్ లోబ్ (మెదడు పక్క భాగం) మూర్ఛకు ఇది చాలా దగ్గర. కష్టం, ఖర్చు రెండూ ఎక్కువే.

గాబా అంటే మెదడు కణాల ఉద్రేకాన్ని అణిచే రసాయనం. పీటీజెడ్ దాని గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఇంజెక్షన్ ఇచ్చాక ఎలుక తిరగడం మానేస్తుంది. మూతి, మీసాలు అదురుతాయి. తల ఊగుతుంది. ముందుకాళ్లు కొట్టుకుంటాయి. చివరికి వెనక కాళ్ల మీద లేచి పక్కకు పడిపోతుంది. రాసీన్ అనే పరిశోధకుడు 1972లో చెప్పిన 5 దశలు దాదాపు ఇవే. స్కోరు వేసే మనిషికి ఏ ఎలుకకు మందు, ఏ ఎలుకకు సెలైన్ ఇచ్చారో తెలియకూడదు.

ఇక మెదడు రసాయనాలు. నా మట్టుకు ఫలితాలు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. గ్లుటమేట్ అనే ఉద్రేకపరిచే రసాయనం నుంచి గాబాను తయారుచేసే ఎంజైము ప్రాణం పోయాక కూడా పనిచేస్తూనే ఉంటుంది. గాబాను విరిచే దారి మాత్రం ఆక్సిజన్ లేక మూసుకుపోతుంది. కాబట్టి మెదడు తీయడం ఆలస్యమైతే గాబా పెరిగినట్టు కనిపిస్తుంది, మీరేమో అది మందు మహిమ అనుకుంటారు. ఎసిటైల్‌కోలిన్ అనే మరో మెదడు రసాయనం అయితే తగ్గిపోతుంది. మన జిల్లా పాడి ఊళ్లలో పశువుల డాక్టర్లు వీర్యం గొట్టాలు దాచే క్యాన్ చూసే ఉంటారు. అందులో ఉండే ద్రవ నత్రజనే, మైనస్ 196 డిగ్రీలది, మెదడును వెంటనే గడ్డకట్టించి ఈ మార్పులు ఆపడానికి ముందుగా పక్కన పెట్టుకోండి. కార్టెక్స్, హిప్పోక్యాంపస్, సెరిబెల్లమ్ అనే మెదడు భాగాలను ప్రతి ఎలుకలో ఒకే వరుసలో, ఒకే వేగంతో తీయండి. ఒక్క మెదడు నుంచే ఎక్కువ పరీక్షలకు సరిపోయేలా పంచుకుంటే ఎలుకల సంఖ్య తగ్గుతుంది, ఎథిక్స్ కమిటీ కూడా అడిగేది అదే.

తమ్ముడి ఫిట్స్ చూసిన కళ్లతో ఎలుకను చూడటం కష్టంగానే ఉంటుంది. ఆ మాట గైడ్ గారికి మొదటే చెప్పండి. మొదట్లో ఇంజెక్షన్లు సీనియర్లకు వదిలి ఎంజైము పరీక్షలతో మొదలుపెట్టొచ్చు, తప్పేం లేదు.

ఇంకొకటి. మన దగ్గర చాలా ల్యాబుల్లో ఆకుల సారాలు కూడా పరీక్షిస్తారు. ఏదో ఆకు ఎలుకల్లో పనిచేసిందని మీ నోట విని ఇంట్లోవాళ్లు తమ్ముడి మాత్ర ఆపేయకుండా చూసుకోండి. డాక్టరుకు చెప్పకుండా హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.