బొటీక్ బేస్ కొనబోయే ముందు

చిరంజీవి కార్తీక్‌కి, బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు పంపిన బొటీక్ బేస్ గిటార్ల (చిన్న వర్క్‌షాపుల్లో శ్రద్ధగా చేసే ఖరీదైనవి) ఫొటోలన్నీ చూశాను, అందంలో ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయి. కానీ "వీటిలో ఏది కొనమంటావు బాబాయ్" అంటే ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే ఇప్పుడు నీ దగ్గరున్న బేస్ నిన్ను ఎక్కడ ఇబ్బంది పెడుతోందో నువ్వు రాయలేదు. లక్షలు పోసి కొనేవాడివి ముందు అది తేల్చుకో.

ఈ వింత డిజైన్లని చూసి షోకు అనుకుంటారు గానీ, మంచి చేతి నుంచి వచ్చినవి చాలావరకు ఎవరో ఒక వాద్యకారుడి బాధ తీర్చడానికి పుట్టినవే. అమెరికన్ బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ సంగతి చూడు. బేస్ కూడా గిటార్ కుటుంబంలోదే అయినప్పుడు దానికీ ఆరు తీగలు ఎందుకు ఉండకూడదని పట్టుబట్టి 1975లో బేస్‌లు చేసే కార్ల్ థాంప్సన్ చేత ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు. తర్వాత బ్రూక్లిన్‌లోని ఫొడెరా వాళ్ళు ఆయనకి చేసిచ్చినదాని స్కేల్ (తీగ మోగే పొడవు) 36 అంగుళాలు, బాడీ పై కొమ్ము నెక్‌లోకి (తీగలు నొక్కే పొడుగు కాడలోకి) కలిసిపోయి ఉంటుంది, వాల్యూమ్ నాబ్ కూడా లేదు, పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే భాగం) నుంచి వైరు నేరుగా జాక్‌కే. సౌండ్ మొత్తం వేళ్ళతోనే తెచ్చుకునే మనిషికి అది సరిపోయింది. రిసెప్షన్‌లో పాటపాటకీ సౌండ్ మార్చుకోవాల్సిన నీకు అదే బేస్ ఫ్రీగా ఇచ్చినా కష్టమే.

ఐదు తీగలది కావాలంటే మాత్రం ఫ్యాన్డ్ ఫ్రెట్స్ (నెక్ మీది లోహపు కడ్డీలు వాలుగా ఉండి, ఒక్కో తీగకి ఒక్కో పొడవు వచ్చే పద్ధతి) గురించి గట్టిగా ఆలోచించు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌కి పెట్టిన 34 అంగుళాల స్కేల్ నాలుగు తీగల కోసం పెట్టింది. వాటిలో అన్నిటికన్నా లావైన ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఐదోదిగా చేరే బి తీగ సుమారు 31కి దిగాలి. అదే పొడవులో అంత కిందికి దింపాలంటే తీగ లావన్నా పెంచాలి, వదులన్నా చేయాలి. లావైతే తీగ బిరుసెక్కి ఓవర్‌టోన్లు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) శ్రుతి తప్పుతాయి, వదులైతే ఫ్రెట్లకి కొట్టుకుని బరబరమంటుంది. చాలా ఐదు తీగల బేస్‌లలో బి తీగ గుయ్యిమంటుందే తప్ప ఏ స్వరం వాయించావో చెవికి ఆనకపోవడానికి కారణం ఇదే. కెనడాలో సస్కటూన్‌లో బేస్‌లు చేసే షెల్డన్ డింగ్‌వాల్, రాల్ఫ్ నొవాక్ పేటెంట్ చేసిన ఈ ఫ్యాన్డ్ ఫ్రెట్స్ పద్ధతి తీసుకుని, అన్నిటికన్నా సన్నని జి తీగని 34 అంగుళాల దగ్గరే ఉంచి బి తీగని 37కి సాగదీశాడు. అదే తీగని, అదే శ్రుతిలో, 34 నుంచి 37కి పెంచితే బిగువు దాదాపు 18 శాతం పెరుగుతుంది. ఒక్కసారి ఆ బి తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి మీటి చూడు, తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. విసనకర్రలా విచ్చుకున్న ఆ ఫ్రెట్లు చూస్తే భయమేస్తుంది గానీ చెయ్యి త్వరగానే అలవాటు పడుతుంది, మొదటి ఫ్రెట్ దగ్గర మాత్రం కాస్త సాగాలి. పైగా డింగ్‌వాల్ వాళ్ళే చైనాలో చేయించే కంబస్చన్, ఎన్‌జీ మోడళ్ళు ఇదే 37–34 కొలతతో చాలా తక్కువ ధరకి దొరుకుతాయి. ముందు దాంతో వాయించి చూడకుండా కెనడాలో చేసినదానికి ఆర్డర్ పెట్టకు.

తల లేని బేస్ ఫొటో కూడా పంపావు కదా. ఆ డిజైన్‌కి పేరు తెచ్చిన నెడ్ స్టైన్‌బర్గర్, తీగలు బిగించే మరలుండే ఆ తల ఎందుకు తీసేశాడంటే, నెక్ చివర అంత బరువు పెడితే బేస్ ముందుకి వాలిపోతుంది, ఎడమచెయ్యి స్వరం పట్టడం మానేసి నెక్‌ని మోస్తూ కూర్చుంటుంది. రెండోది డెడ్ స్పాట్. ఇప్పుడు నీ దగ్గరున్న జాజ్ బేస్ తీసుకుని ఆంప్ లేకుండా, జి తీగ మీద నాలుగో ఫ్రెట్ నుంచి ఎనిమిది దాకా ఒక్కో స్వరం మీటి, అది ఆరిపోయేదాకా విను. మధ్యలో ఎక్కడో ఒకటి మిగతావాటికన్నా ముందే చచ్చిపోతుంది, ఆ స్వరం దగ్గర నెక్ తానే ఊగి తీగ శక్తిని తాగేస్తుంది. స్టైన్‌బర్గర్ కార్బన్ ఫైబర్ వాడిందీ, మోడ్యులస్, స్టేటస్ వాళ్ళు గ్రాఫైట్ నెక్‌లు చేసిందీ గట్టి నెక్ కోసమే. విశాఖలో ఉంటూ వానాకాలం వచ్చిందంటే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పుకునే నీకు గ్రాఫైట్ నెక్ నిజంగా ఉపయోగం, ఎందుకంటే గాలిలో తేమకి అది వంగదు.

ఇక ఎలక్ట్రానిక్స్. నా మనసుకి నచ్చింది ఇంగ్లండ్‌లో చేసే వాల్ బేస్. మామూలు ప్రీఆంప్‌లో (వాద్యం లోపల బ్యాటరీతో నడిచి సౌండ్ మార్చే సర్క్యూట్) కింది స్వరాలు, పై స్వరాలు పెంచడం తగ్గించడం ఉంటుంది, వాల్‌లో అలా కాదు, ఒక్కో పికప్‌కి సొంత ఫిల్టర్ ఉంటుంది. నాబ్ తిప్పుతుంటే పై ఫ్రీక్వెన్సీలు ఎక్కడ తెగాలో ఆ చోటు జరుగుతుంది, నాబ్ పైకి లాగితే సరిగ్గా అక్కడే ఒక ఉబ్బు వస్తుంది, స్వరం నోరు తెరిచి పలికినట్టు ముందుకొస్తుంది. కాలిఫోర్నియాలో 1969లో మొదలైన అలెంబిక్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. రెండు సింగిల్ కాయిల్ పికప్‌ల మధ్య అయస్కాంతం లేని మూడో కాయిల్ ఒకటి పెడతారు, అది తీగని వినదు, కరెంటు హమ్‌ని మాత్రమే పట్టి దాన్ని రద్దు చేస్తుంది. ఇవన్నీ అద్భుతమే, కానీ ఆ బోర్డు పోతే హైదరాబాద్‌లో ఎవరు బాగుచేస్తారో ఇప్పుడే కనుక్కో. ప్రీఆంప్ పోయినా పికప్ నేరుగా వాయించే పాసివ్ స్విచ్ ఉందా అని అడుగు. లేకపోతే స్టేజి మీద బ్యాటరీ అయిపోయిన రోజు టెన్షన్ నీదే.

చెక్క సంగతికి పెద్దగా టైమ్ పెట్టకు. పైన అతికించిన బర్ల్ (చెట్టు బుడిపె చెక్క) పొర కంటికి పండగే, సౌండ్‌కి చేసేది చాలా తక్కువ, ధర పెరిగేది మాత్రం దాని దగ్గరే. ఆ డబ్బు ఫ్రెట్ల పనితనానికి పెట్టు, పన్నెండో ఫ్రెట్ దాటాక కూడా తీగ కిందికి దించి బరబర లేకుండా వాయించగలిగితే అది అసలైన పనితనం. బరువు తప్పకుండా తూచు. నాలుగున్నర కిలోలు దాటితే నేనైతే దణ్ణం పెట్టి పక్కన పెట్టేస్తాను, మూడు గంటల కచేరీ తర్వాత భుజమే సాక్ష్యం. స్ట్రాప్ వేసుకుని నిలబడి, రెండు చేతులూ వదిలేసి చూడు, నెక్ ఎటు పోతుందో.

విదేశం నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్, జీఎస్టీ అన్నీ కలిపే లెక్క వేసుకో. చాలా రోజ్‌వుడ్ జాతులు 2017లో సైటీస్ (ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాకెక్కాయి, తయారైన వాద్యాలకి 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు, కానీ బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి ఆ మినహాయింపు లేదు. పాత బేస్ సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళు నొక్కే పలక) ఏ చెక్కో రాతపూర్వకంగా తీసుకో. తల లేనివాటిలో కొన్నింటికి రెండు చివరలా బాల్ ఉన్న తీగలే పడతాయి, ఫ్యాన్డ్ ఫ్రెట్స్ బి తీగకి పొడుగుది కావాలి, కాబట్టి బేస్‌తో పాటే నాలుగైదు సెట్లు తెప్పించుకో. అడ్వాన్స్ కట్టేముందు బిల్డర్ పంపే స్పెక్ షీట్ నాకు పంపు, స్కేల్, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) వెడల్పు, బరువు చూసి రాత్రికే ఫోన్ చేస్తాను.

మీ బాబాయ్