మ్యాపు పక్కన పెట్టుకుని చదువు

చిరంజీవి అమ్మలుకి,

నీ ఉత్తరం అందింది. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషమేసింది. పేర్లు గుర్తుండటం లేదనీ, కొండలూ అడవుల వర్ణన వస్తే పేజీలు తిప్పేస్తున్నాననీ రాశావు. పేర్ల గురించి టెన్షన్ పడకు, చదవగా చదవగా అవే పట్టుబడతాయి. పేజీలు తిప్పేయడం మాత్రం మానెయ్. ఆ నవల్లో సగం కథ నడకలోనే ఉంది.

ముందు మ్యాపు తయారుచేసుకుని, దానికి తగ్గట్టు కథ నడిపానని ఆ నవల రాసిన టోల్కీన్ ఒక ఉత్తరంలో రాశాడు. నువ్వూ పుస్తకంలో ఉన్న మ్యాపు జిరాక్స్ తీయించుకో. అధ్యాయం అయినప్పుడల్లా కథలోని వాళ్లు ఎక్కడిదాకా వచ్చారో పెన్సిల్‌తో గీస్తూ వెళ్లు. కథానాయకుడు ఫ్రోడో సెప్టెంబరు 23న ఇల్లు వదిలితే మొదటి పెద్ద మజిలీ రివెండెల్ చేరేసరికి అక్టోబరు 20. మ్యాపులో చూస్తే అది చిన్న ముక్కే. చేరాల్సిన శత్రుదేశం మోర్డోర్ ఇంకెంత దూరముందో అప్పుడు తెలిసి గుండె జారిపోతుంది. అలా జారాలి కూడా.

ముసలితనం లేని ఎల్ఫ్‌లు, గనులు తవ్వే డ్వార్ఫ్‌లు, ఫ్రోడోలాంటి పొట్టి హాబిట్లు అంటూ జాతుల పట్టిక బట్టీపట్టకు. ఎవరికి ఎవరంటే పడదో, ఎందుకు పడదో చూడు. లోత్లోరియన్ అడవిలో అడుగుపెట్టే చోటు నిదానంగా చదువు. డ్వార్ఫ్ కాబట్టి ఫ్రోడో బృందంలో గిమ్లీ ఒక్కడికే కళ్లకు గంతలు కడతామంటారు అక్కడి ఎల్ఫ్‌లు. అతను ససేమిరా అని గొడ్డలి తీస్తాడు, వాళ్లు విల్లు ఎక్కుపెడతారు. అప్పుడు బృందంలోని ఆరగోర్న్, కడితే అందరికీ కట్టండి అంటాడు. బృందంలోని ఎల్ఫ్ లెగోలస్‌కి ఒళ్లు మండిపోతుంది, తన వాళ్ల అడవిలో తనకే గంతలా అని. తర్వాత ఆ అడవిని ఏలే గలాడ్రియల్, డ్వార్ఫ్‌ల పాత నగరం మోరియా గురించి వాళ్ల భాషలోని పేర్లతోనే ఆప్యాయంగా మాట్లాడుతుంది. ఆ ఒక్క మాటతో గిమ్లీ మారిపోతాడు. వీడ్కోలప్పుడు ఆమెను ఏం అడుగుతాడో నేను చెప్పను, నువ్వే చదవాలి.

రెండో సంపుటంలో కథ రెండు పాయలవుతుంది. మొదటి సగంలో ఫ్రోడో కనిపించడు, రెండో సగమంతా అతనూ, అతని తోడు శామూనే. రెండూ ఇంచుమించు అవే రోజుల్లో జరుగుతాయి. మూడో సంపుటం చివర ఉన్న అనుబంధాల్లో, 'బి'లో తేదీల వరుస ఉంది, అది చూసుకుంటే చిక్కు విడిపోతుంది. మార్చి 10న తెల్లవారదు, మోర్డోర్ చీకటి ఆకాశాన్ని కమ్మేస్తుంది. ఆ చీకట్లోనే రోహాన్ రాజ్యపు రౌతులు యుద్ధానికి బయల్దేరుతారు, అక్కడెక్కడో ఫ్రోడో నాలుగు దారుల కూడలికి చేరతాడు. ఈ రెండూ ఒకే రోజని తెలిసి చదివితే ఆ అనుభవమే వేరు. కాకపోతే ఆ వరుసలో ముగింపు కూడా ఉంటుంది, నువ్వు చదివినంతవరకే చూసి కింద భాగం కాగితంతో కప్పెయ్.

మొదటి సంపుటంలో వచ్చే టామ్ బాంబడిల్ అధ్యాయాలు వదిలేసినా ఫర్వాలేదని ఎవరైనా అంటే వినకు. ఆ వెంటనే వచ్చే సమాధి గుట్టలో హాబిట్లకు కత్తులు దొరుకుతాయి. వాటిలో ఒకదానికి మూడో సంపుటంలో చాలా పెద్ద పని ఉంది.

మోరియా దాటాక మళ్లీ రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న